తప్పు చైనా విమానానిది కాదు, మన లెక్కది



ఈ మధ్య మా బంధువర్గంలో ఏ ఇంటికి వెళ్లినా ఒకే ప్రశ్న ఎదురవుతున్నది. "డాక్టరు గారూ, పిల్లలు చైనా విమానానికి టికెట్టు తీస్తామంటున్నారు. చాలా చౌకట. ఎక్కవచ్చునా?" అడిగేవారి ముఖంలో రెండు భయాలు కనిపిస్తాయి. ఆ విమానం కూలిపోతుందేమోనన్నది ఒకటి. భోజనంలో పామో కప్పో వడ్డిస్తారేమోనన్నది రెండవది. ఈ రెండు భయాలకూ ఆధారం లేదు. నిజంగా భయపడవలసిన విషయం మూడవది ఒకటున్నది. దానిని గురించి నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఆ టికెట్టుతో మొత్తం ఎన్ని గంటలు కూర్చోవలసి వస్తుంది, ఆ గంటలను భరించవలసినవారి వయస్సెంత అన్నదే ఆ మూడవ విషయం.

నేను కూడా అడగలేదు. వైద్యవిద్య చదివి, ముప్పై రెండేళ్లు ప్రభుత్వాసుపత్రులలో పనిచేసి, వేలమంది కాళ్లు పరీక్షించిన నేను, నా భార్య కాళ్ల విషయంలో ఆ ప్రశ్న వేసుకోలేదు. అందుకే ఈ వ్యాసంలో మొదటి ముద్దాయిని నేనే.

నేను చేసిన బేరం

2024 సెప్టెంబరులో మేమిద్దరం లండన్‌లో మా అబ్బాయి ఇంట ఉన్నాము. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి అక్కడికి వెళ్లవలసి ఉన్నది. అబ్బాయి రెండు రకాల టికెట్లు చూపించాడు. మొదటిదానిలో మొత్తం ప్రయాణం 23 గంటలు. రెండవది చైనా మీదుగా వెళ్లేది, 37 గంటలు: పదకొండు గంటల విమానం, పదహారు గంటల మజిలీ, మళ్లీ పది గంటల విమానం. రానుపోను లెక్కలో రెండవది ఇద్దరికీ కలిపి సుమారు 40,000 రూపాయలు తక్కువ.

"నాన్నా, మొదటిదే తీస్తాను" అన్నాడు వాడు. వద్దన్నది నేను. జీతం రాళ్లతో సంసారం ఈదినవాడికి నలభై వేలు చిన్న మొత్తంగా కనిపించవు. "పదహారు గంటలు కూర్చోలేమా? విజయవాడ స్టేషనులో ప్లాట్‌ఫారం మీద అంతకంటె ఎక్కువసేపే కూర్చున్నాం" అని వాడి నోరు మూయించాను. విజయవాడ ప్లాట్‌ఫారం మీద కూర్చున్ననాడు నా వయస్సు ఇరవై రెండు అన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

నా భార్య వయస్సు 68. ఎత్తు ఐదడుగుల లోపే. కొంచెం స్థూలకాయం, రక్తపోటు, మధుమేహం ఉన్నాయి. ఆమెకు కిటికీ సీటు, నాకు మధ్య సీటు దొరికాయి. నడవ పక్కన కూర్చున్న యువకుడు విమానం లేచిన అరగంటకే నిద్రపోయాడు. అతనిని లేపవలసి వస్తుందని ఆమె మంచినీళ్లు తాగడం మానేసింది. తాగకపోతే బాత్‌రూముకు వెళ్లే అవసరం రాదు, వెళ్లకపోతే ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కరలేదు. మన ఇళ్లలో పెద్ద వయస్సు స్త్రీలలో చాలామంది బస్సులోనైనా రైలులోనైనా వేసుకునే లెక్క ఇదే. పదకొండు గంటలలో ఆమె లేచింది ఒక్కసారి. పక్కనే ఉన్న నేను గమనించలేదు, సినిమా చూస్తున్నాను.

మజిలీలో రాత్రంతా విమానాశ్రయం కుర్చీలలో గడిపాము. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఇనుప చేతులు ఉన్నందువల్ల పడుకోవడానికి వీలు లేదు. దీపాలు ఆర్పరు, ప్రకటనలు ఆగవు. తెల్లవారాక మళ్లీ పది గంటల విమానం.

మెల్‌బోర్న్ చేరిన నాలుగవ రోజు ఆమె ఎడమ పిక్క వాచింది. "నడిచి నడిచి కండ పట్టింది" అని బామ్ రాసుకున్నది. నేనూ అవునన్నాను. సాయంత్రానికి కాలు వేడెక్కింది, రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది. ఆసుపత్రిలో స్కాను తీశారు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. వైద్యభాషలో దీనిని డీప్ వెయిన్ త్రాంబోసిస్ అంటారు. ఆ గడ్డలో ఒక ముక్క విడిపోయి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాలకే ముప్పు. అదృష్టవశాత్తు చేరలేదు. మూడు నెలలు రక్తం పలుచబరిచే మాత్రలు వాడవలసి వచ్చింది. మిగిలిన నలభై వేలకు రెండింతలు వైద్యానికే పోయింది. డబ్బు మాట అలా ఉంచండి. పురుడు పోయడానికి వెళ్లిన తల్లికి, నెలలు నిండిన కూతురు మంచం దగ్గరకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ దృశ్యం నేను మరచిపోలేను.

చైనా మీద వేసిన నింద

ఆసుపత్రి వరండాలో నా నోటి నుండి వచ్చిన మొదటి మాట ఏమిటో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. "ఆ దిక్కుమాలిన చైనా విమానం వల్లనే" అన్నాను. ఫోనులో బంధువులందరూ అదే మాట అందుకున్నారు. కాని డ్యూటీలో ఉన్న యువవైద్యురాలు అడిగిన ప్రశ్నలు వేరు. ఎన్ని గంటలు కూర్చున్నారు? ఎన్నిసార్లు లేచారు? ఎన్ని నీళ్లు తాగారు? లోగడ ఎప్పుడైనా ఇలా జరిగిందా? ఏ దేశపు విమానమని ఆమె అడగలేదు. రక్తం గడ్డకట్టడానికి ఆ వివరం అవసరం లేదు గనుక.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు, మన తప్పుకు విమానాన్ని నిందించడం సులభం. వాస్తవాలు చూడండి. చైనా సంస్థలు దూరప్రయాణాలకు నడిపేవి బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ 330, 350 రకాల విమానాలు. గల్ఫ్, ఐరోపా సంస్థలు నడిపేవీ ఇవే. 2010 ఆగస్టులో చైనాలోని యిచున్ నగరం దగ్గర ఒక ప్రయాణికుల విమానం కూలి 44 మంది మరణించారు. ఆ తరువాత సుమారు పదకొండున్నరేళ్లు అక్కడి ప్రయాణికుల విమానాలలో అటువంటి దుర్ఘటన జరగలేదు. 2022 మార్చి 21న కున్మింగ్ నుండి గ్వాంగ్‌జౌ వెళ్తున్న దేశీయ విమానం కూలి 132 మంది మరణించారు. అది ఘోరమే. 2025 జూన్ 12న మన అహమ్మదాబాదులో జరిగినదీ ఘోరమే, 260 ప్రాణాలు పోయాయి. విమాన ప్రమాదానికి జాతి లేదు, మతం లేదు.

లోపాలు లేవని నేననను. 2018 జూలైలో హాంకాంగ్ నుండి దాలియన్ వెళ్తున్న ఒక చైనా విమానంలో సహ పైలట్ ఎలక్ట్రానిక్ సిగరెట్టు తాగుతూ, పొగ ప్రయాణికుల వైపు పోకుండా చేయబోయి గాలి సరఫరాను పొరపాటున ఆపాడు. ఆక్సిజన్ మాస్కులు కిందికి జారాయి, విమానం వేల అడుగులు కిందికి దిగవలసి వచ్చింది. ఇది క్షమించరాని నిర్లక్ష్యం. విమర్శించవలసినవి ఇటువంటివి. పాముల కూర, కప్పల వేపుడు అన్న పుకార్లు విమర్శ కాదు, వెక్కిరింత. మా ప్రయాణంలో అడగకుండానే వేడి నీళ్లు తెచ్చి ఇచ్చినది చైనా అమ్మాయే. ఆ దేశంలో గోరువెచ్చని నీరు తాగడం అలవాటు. విమానాశ్రయాలలో కూడా వేడినీటి కుళాయిలు ఉంటాయి. ఆ కప్పు నా భార్య రెండు గుక్కలు తాగి పక్కన పెట్టింది. తప్పు ఇచ్చినవారిదా?

ధర ఎందుకు తగ్గింది?

చౌక అనగానే నాసిరకమని అనుకోవడం కూడా పొరపాటే. ఈ టికెట్లు చౌకగా ఉండటానికి స్పష్టమైన కారణాలున్నాయి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత రష్యా తన ఆకాశాన్ని ఐరోపా సమాజం, బ్రిటన్, అమెరికా, కెనడా విమానాలకు మూసివేసింది. చైనా విమానాలకు మూయలేదు. ఐరోపా నుండి చైనాకు సైబీరియా మీదుగా సూటిగా ఎగిరేవారికి రెండు గంటలకు పైగా సమయం, దానికి తగ్గ ఇంధనం కలిసివస్తాయి. చుట్టు తిరగవలసిన ఐరోపా సంస్థలు పోటీలో నిలవలేక కొన్ని మార్గాలు వదులుకున్నాయి. 2024 అక్టోబరులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ లండన్-బీజింగ్ విమానాన్ని, వర్జిన్ అట్లాంటిక్ లండన్-షాంఘై విమానాన్ని ఆపివేశాయి.

రెండవ కారణం, కోవిడ్‌కు ముందు చైనా సంస్థలు అమెరికాకు వారానికి 150కి పైగా సర్వీసులు నడిపేవి. 2024 వసంతంలో కూడా వాటికి అనుమతి ఉన్నవి 50 మాత్రమే. అక్కడ పనిలేని పెద్ద విమానాలను ఇతర మార్గాలకు మళ్లించారు. మూడవది, ఎయిర్ చైనా, చైనా ఈస్టర్న్, చైనా సదర్న్ అనే మూడు పెద్ద సంస్థలూ ప్రభుత్వ యాజమాన్యంలోనివి. బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌలలో విమానం మారే ప్రయాణికులతో సీట్లు నింపుకోవడం వాటి వ్యాపార పద్ధతి. విమానం మారే అసౌకర్యానికి, ఎదురుచూసే గంటలకు బదులుగానే ఆ తగ్గింపు ఇస్తారు.

ఇందులో మోసమేమీ లేదు. చౌక టికెట్టు నిజానికి ఒక మేలు. చదువుకునే పిల్లవాడు ఏడాదికొకసారి ఇంటికి రాగలుగుతున్నాడన్నా, చివరిచూపుకు కొడుకు అందుకోగలుగుతున్నాడన్నా ఇటువంటి టికెట్ల పుణ్యమే. పాతికేళ్ల ఆరోగ్యవంతుడు పదహారు గంటల మజిలీలో ఇటు నుండి అటు పదిసార్లు తిరుగుతాడు, ఆకలైతే తింటాడు, కింద తువ్వాలు పరచుకుని నిద్రపోతాడు. అతనికి ఆ బేరం లాభమే. అదే టికెట్టును అతని తల్లికి తీసినప్పుడు బేరం తలకిందులవుతుంది. టికెట్టు మీద తగ్గిన ధరను ఆమె శరీరం చెల్లిస్తుంది.

శరీరం చెల్లించే మిగతా ధర

విమానం లోపల గాలి పీడనం సుమారు ఆరు వేల నుండి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్లుంటుంది. ఊటీ ఎత్తు అందులోకే వస్తుంది. పదకొండు గంటలు విమానంలో ఉండటమంటే ఊటీ కొండ మీద కదలకుండా కూర్చోవడమన్నమాట. రక్తంలో ఆక్సిజన్ కొంత తగ్గుతుంది. ఆరోగ్యవంతులకు అది తెలియదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి తెలుస్తుంది. గాలిలో తేమ చాలా తక్కువ, ఇరవై శాతానికి లోపే ఉంటుంది. గొంతు, కళ్లు, చర్మం ఎండిపోతాయి.

కాళ్ల సంగతి అంతకంటె ముఖ్యం. కాలిలోని రక్తాన్ని గుండె వైపు పైకి నెట్టేది పిక్క కండరం. నడిచినప్పుడల్లా అది పంపులా పనిచేస్తుంది. గంటల తరబడి కూర్చుంటే ఆ పంపు ఆగిపోతుంది, రక్తం నిలవ ఉంటుంది, నిలవ ఉన్నచోట గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద జరిపిన పరిశోధన ఫలితాలను 2007లో ప్రకటించింది. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో సిరలలో గడ్డకట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుందని అందులో తేలింది. విమానమే కానక్కరలేదు, బస్సు, కారు, రైలులోనైనా అంతే. ఆరోగ్యవంతులలో ఈ ప్రమాదం సుమారు ఆరువేల మందిలో ఒకరికి. కనుక అందరూ బెంబేలెత్తనవసరం లేదు. అయితే స్థూలకాయులలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో, వంశపారంపర్యంగా రక్తం గడ్డకట్టే లక్షణం ఉన్నవారిలో, మరీ పొడగరులలో, మరీ పొట్టివారిలో అది ఎక్కువ. దగ్గర దగ్గర రోజులలో ఒకటికి మించి దూరప్రయాణాలు చేస్తే మరింత పెరుగుతుంది. ప్రయాణం ముగిసినా సుమారు నాలుగు వారాలపాటు ప్రమాదం పూర్తిగా తొలగిపోదు.

పొట్టివారికి ఎందుకని మీకు సందేహం రావచ్చు. సీటు ఎత్తు అందరికీ ఒక్కటే. పొట్టివారి పాదాలు నేలకు పూర్తిగా ఆనవు. సీటు అంచు మోకాలి వెనుక ఒత్తుకుంటుంది. అక్కడి సిర గంటల తరబడి నొక్కుకుపోతుంది. ఇప్పుడు మీ అమ్మగారు కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో ఒకసారి చూడండి. టికెట్టు తీసేముందు చూడవలసిన లెక్కలలో అదొకటి.

మజిలీలో అసలు కష్టం

విమానంలో గంటల కంటె మజిలీలో గంటలు ముసలివారిని ఎక్కువ నలుపుతాయి. దానికి కారణాలు చైనా విషయంలో కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయి.

మొదటిది మాట్లాడుకునే దారి. చైనాలో వాట్సాప్ పనిచేయదు, గూగుల్ పనిచేయదు. విమానాశ్రయపు ఉచిత వైఫై దొరికినా వాటి మీద ఉన్న నిషేధం తొలగిపోదు. మన తల్లిదండ్రులకు ఫోనంటే వాట్సాప్ ఒక్కటే. పదహారు గంటలు పిల్లలకు కబురు లేదు, పిల్లల నుండి కబురు లేదు. ఇటు వీరికి రక్తపోటు, అటు వారికి రక్తపోటు. మన సిమ్ముకు అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుంటే సాధారణంగా ఈ చిక్కు తీరుతుంది. ఆ నాలుగు వందలో ఐదు వందలో ఖర్చు పెట్టడం ఎవరికీ గుర్తు రాదు.

రెండవది పాస్‌పోర్టు. చైనా 240 గంటల వరకు వీసా లేని మజిలీ సౌకర్యం కొన్ని దేశాలకు ఇస్తున్నది. అందులో అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఉన్నాయి. నేనీ వ్యాసం రాస్తున్ననాటికి భారతదేశం ఆ జాబితాలో లేదు. మనవారికి ఉన్నది 24 గంటల లోపు మజిలీ మాత్రమే. అమెరికా పాస్‌పోర్టు ఉన్న కొడుకు "నేను వెళ్లొచ్చాను, ఏ ఇబ్బందీ లేదు" అని భరోసా ఇస్తాడు. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లే తల్లికి అదే వరుసలో వేరే ప్రశ్నలు ఎదురవుతాయని అతనికి తోచదు.

మూడవది, ఒకే నగరంలో రెండు విమానాశ్రయాలు. షాంఘైలో పుడోంగ్, హోంగ్‌చావో. బీజింగ్‌లో రాజధాని విమానాశ్రయం, దాషింగ్. మరీ చౌకగా కనిపించే కొన్ని టికెట్లలో ఒకచోట దిగి మరొకచోట ఎక్కవలసి ఉంటుంది. నగరం ఒకటే గనుక తెరమీద ఒకే పేరు కనిపిస్తుంది. సామాను తీసుకుని, దేశంలోకి ప్రవేశించి, ఊరు దాటి, మళ్లీ తనిఖీలు. భాష రాని డెబ్బై ఏళ్ల దంపతులకు ఇది ప్రయాణం కాదు, పరీక్ష.

నాల్గవది విశ్రాంతి గది. మజిలీ చాలా గంటలున్నప్పుడు కొన్ని చైనా సంస్థలు ఉచితంగా హోటలు గది ఇస్తాయి. అది వాటి మంచి గుణం. అయితే అది అడిగినవారికే దొరుకుతుంది, చాలాసార్లు ముందుగా నమోదు చేసుకోవాలి. మాకు ఆ సంగతి తెలిసింది తిరుగు ప్రయాణంలో.

ఎవరిని నిలదీయాలి?

మొదట పిల్లలను. మీరు ఫోనులో టికెట్లను "తక్కువ ధర" వరుసలో పేర్చుకుని, పైన ఉన్నదాని మీద వేలు పెడుతున్నారు. "మొత్తం గంటలు" అనే అంకె దాని పక్కనే ఉంటుంది. చదవరు. మా లెక్కే చూడండి. ఒక వైపు ప్రయాణంలో అదనంగా పట్టినవి 14 గంటలు, ఇద్దరికీ కలిపి 28. రానుపోను కలిపితే 56. నలభై వేలను యాభై ఆరుతో భాగిస్తే గంటకు 714 రూపాయలు. మీ తల్లి రాత్రంతా ఇనుప కుర్చీలో కూర్చోవడానికి గంటకు 714 రూపాయలు కూలి కట్టారన్నమాట. ఆ మాట ఆమె ముఖం చూసి చెప్పగలరా? నేను నా భార్యకు చెప్పలేకపోయాను.

రెండవది, నాబోటి తల్లిదండ్రులను. "మాకేం, రాయిలా ఉన్నాం" అన్న బింకం వదలండి. పిల్లల డబ్బు మిగల్చాలన్న ఆరాటం మంచిదే; అది వారికి ఆసుపత్రి ఖర్చుగా తిరిగివస్తే ఎవరికి మేలు? బాత్‌రూముకు వెళ్లడానికి పక్కవారిని లేపడం తప్పు కాదు. ఆ నడవ అందరిదీ.

మూడవది, టికెట్లు అమ్మేవారిని. ధరను పెద్ద అక్షరాలలో, మజిలీ గంటలను చీమ తలకాయంత అక్షరాలలో చూపిస్తున్నారు. ప్రయాణికుని వయస్సు మీరు అడుగుతూనే ఉన్నారు కదా! అరవై అయిదు దాటినవారికి పన్నెండు గంటల మజిలీ వస్తున్నప్పుడు ఒక హెచ్చరిక చూపడానికి ఏమడ్డు? విమాన సంస్థలు కూడా, చైనావైనా మరే దేశానివైనా, ఆ వయస్సువారికి విశ్రాంతి గదిని అడగకుండానే ఇవ్వాలి. అడగడం తెలియనివారికే అది ఎక్కువ అవసరం.

నాల్గవది, మా వైద్యులను. ప్రయాణానికి యోగ్యులని రెండు నిమిషాలలో కాగితం రాసి ఇస్తున్నాము. ఎన్ని గంటల ప్రయాణమని అడిగేవారెందరు? పైగా "ముందుజాగ్రత్తగా ఒక ఆస్పిరిన్ వేసుకోండి" అని సలహా. ప్రయాణంలో గడ్డకట్టకుండా ఉండటానికని సామాన్య ప్రయాణికులు ఆస్పిరిన్ వాడటాన్ని వైద్య మార్గదర్శకాలు సమర్థించడం లేదు. గుండె జబ్బుకు ముందు నుండీ వాడుతున్నవారు మానకూడదు, అది వేరే మాట. కొత్తగా మొదలుపెట్టి, ఆ మాత్ర వేసుకున్నాము గదా అని కదలకుండా కూర్చోవడం రెండు విధాల నష్టం.

టికెట్టు తీసేముందు, ఎక్కేముందు

వైద్యుడు తిట్టి పంపకూడదు, చీటీ కూడా రాయాలి. కనుక నా చీటీ ఇది.

1. అరవై దాటినవారికి ధరతో పాటు మూడు అంకెలు చూడండి: మొత్తం గంటలు, మజిలీ గంటలు, విమానాలు మారడం ఎన్నిసార్లు. నా అభిప్రాయంలో మజిలీ మూడు నుండి ఆరు గంటలు ఉంటే మేలు. మరీ తక్కువైతే పరుగు, ఎక్కువైతే నడుము. ఎనిమిది గంటలు దాటితే పడక ఏర్పాటు ఖాయమయ్యాకే టికెట్టు తీయండి.

2. రెండు విమానాలూ ఒకే టికెట్టులో ఉండాలి, సామాను చివరి ఊరు దాకా వెళ్లాలి, విమానాశ్రయం మారకూడదు.

3. నడవ పక్క సీటు తీసుకోండి. దానికి అదనంగా రుసుము అడిగితే చెల్లించండి. గంటకో గంటన్నరకో ఒకసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటనే మడమలను, వేళ్లను పైకీ కిందికీ ఆడించండి. పొట్టివారు కాళ్ల కింద చిన్న సంచి పెట్టుకోండి.

4. నీళ్లు తాగండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. అవి మిమ్మల్ని కదలకుండా పడుకోబెడతాయి.

5. స్థూలకాయం, లోగడ గడ్డకట్టిన చరిత్ర, ఇటీవలి శస్త్రచికిత్స, క్యాన్సర్ ఉన్నవారు మోకాలి కింది వరకు వచ్చే ఒత్తిడి మేజోళ్ల గురించి, అవసరమైతే ఇంజెక్షన్ గురించి మీ వైద్యుని అడగండి. కాళ్లకు రక్తప్రసారం తక్కువగా ఉన్న మధుమేహ రోగులు అడగకుండా ఆ మేజోళ్లు వేసుకోకూడదు.

6. మందులన్నీ చేతిసంచిలోనే, చీటీతో సహా. ఇన్సులిన్ కింద సామానులో పెడితే గడ్డకట్టి చెడిపోవచ్చు. తూర్పుకు ప్రయాణిస్తే రోజు పొట్టిదవుతుంది, పడమరకు పొడుగవుతుంది. మోతాదు వేళలు ముందుగానే వైద్యునితో రాయించుకోండి.

7. శాకాహారం, చక్రాల కుర్చీ కనీసం రెండు రోజుల ముందు నమోదు చేయించండి. మధుమేహ భోజనం అడిగితే అది శాకాహారమే అవుతుందని అనుకోవద్దు.

8. పవర్ బ్యాంకు మీద సామర్థ్యం అంకె స్పష్టంగా కనిపించాలి, అది చేతిసంచిలోనే ఉండాలి. అంకె చెరిగిపోతే తనిఖీలో తీసేసుకుంటారు. చైనా విమానాలలో ప్రయాణ సమయంలో దానిని వాడనివ్వరు.

9. చేరిన తరువాత నాలుగు వారాల లోపు ఒక కాలు వాచినా, పిక్క నొప్పి పుట్టినా బామ్ రాయకండి, వైద్యుని చూడండి. ఆయాసం, ఛాతీనొప్పి, కఫంలో రక్తం కనిపిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. మన రాష్ట్రాలలో అయితే 108కి ఫోను చేయండి.

మిత్రులారా, చివరిగా ఒక్క విషయం. మూడు నెలల చికిత్స పూర్తయి, వైద్యులు అనుమతించిన తరువాత మేము మెల్‌బోర్న్ నుండి లండన్‌కు తిరిగి వెళ్లాము. వెళ్లింది అదే చైనా సంస్థ విమానంలో. కొంత రుసుము కట్టి, మజిలీ అయిదు గంటలు ఉండేటట్లు తేదీ మార్చుకున్నాము. ఈసారి నా భార్యకు నడవ సీటు, కాళ్లకు మేజోళ్లు. గంటకొకసారి నేనే లేపాను. చైనా అమ్మాయి ఇచ్చిన వేడినీళ్లు ప్రతిసారీ కప్పు ఖాళీ అయ్యేదాకా తాగించాను. లండన్‌లో దిగి తన కాళ్లతో తాను నడిచి బయటకు వచ్చింది.

సంస్థ అదే, సీట్లు అవే, దూరమూ అదే. మారినది మా లెక్క. మీ ఇంట్లో ఈసారి టికెట్టు తీసేటప్పుడు రూపాయల అంకె చదివిన తరువాత గంటల అంకె కూడా పైకి చదవండి. ప్రయాణం చేయవలసిన పెద్దవారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చదవండి. ఆ తరువాత వారేమంటారో, వారి నోటితో కాక వారి కాళ్లతో చెప్పించుకోండి.